ముప్పై వసంతాల మొగ్గలు

మా అత్తయ్యగారు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, "పాపని వోగాలో చేర్పించాం" అంటే మురిసిపోయారు. ఆవిడ చెవికి అది 'యోగా' అని వినపడింది. ఆ దేశంలో కూడా పిల్లలకు ఆసనాలు నేర్పిస్తున్నారని ఊళ్లో నలుగురికీ ఫోన్ చేసి చెప్పారు కూడా. శనివారం మాతో వచ్చి, అద్దాల గోడకు ఇవతల తల్లిదండ్రుల కుర్చీల్లో కూర్చున్నారు. అవతల ఒక పదేళ్ల పిల్ల ఎత్తైన కమ్మీ పట్టుకుని గిర్రున తిరిగింది. ఉన్నట్టుండి పట్టు వదిలేసి, గాలిలో రెండు మొగ్గలు వేసి, కాళ్లు రెండూ కలిపి నేల మీద దిగింది. "ఓసి నీ అసాధ్యం కూలా! అచ్చం దొమ్మరి పిల్లే!" అన్నారు అత్తయ్యగారు, హాలంతా వినపడేలా.

పక్క కుర్చీల్లో తెలుగువాళ్లెవరైనా ఉన్నారేమోనని కంగారుగా చూశాను. ప్లానోలో ఎక్కడ చూసినా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లూ నవ్వుతున్నారు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు. ఊరి నడిబొడ్డున గడ పాతి, దాని కొసన బోర్లా పడుకుని గిరగిరా తిరిగిన దొమ్మరి ఆడవాళ్లు చేసిందీ ఈ విద్యే. మనవాళ్లు వాళ్లకు చేటెడు బియ్యం పోశారు, వాళ్ల కులం పేరును తిట్టుగా వాడుకున్నారు. ఇంట్లో ఆడపిల్ల కాస్త ఎగిరితే "ఏమిటా దొమ్మరి గెంతులు" అని కసిరారు. ఆ గెంతుల కోసమే ఇక్కడ నెలనెలా డాలర్లు కట్టి, పిల్లల్ని కారులో తీసుకెళ్లి దింపి వస్తున్నాం.

ఆ బడికి 2024లో ముప్పై ఏళ్లు నిండాయి. అసలు పేరు వరల్డ్ ఒలింపిక్ జిమ్నాస్టిక్స్ అకాడమీ. పొడి అక్షరాలు కలిపి అందరూ వోగా అంటారు. 1994లో టెక్సాస్‌లోని డాలస్‌కు ఉత్తరాన, మా ప్లానోలో మొదలైంది. పక్కనున్న ఫ్రిస్కోలోనూ ఉంది. మన కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఫ్రిస్కోయే! సముద్రం దాటినవాడి గుడీ, గాలిలో మొగ్గలు వేయించే బడీ ఒకే ఊళ్లో ఉండటం నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది. తలుపు తెరిచిన రోజున ఆ పేరు కొంచెం అతిగానే ఉండి ఉంటుంది. అప్పటికి వాళ్ల శిష్యుల్లో ఒలింపిక్స్ గడప తొక్కినవాళ్లు లేరు. పేరుకు తగ్గ పని జరగడానికి సరిగ్గా పదేళ్లు పట్టింది.

ఈ బడి పెట్టినవాళ్లిద్దరూ వలస వచ్చినవాళ్లే. వలేరీ ల్యూకిన్ కజకిస్తాన్‌లోని అక్త్యూబిన్స్క్‌లో పుట్టి సోవియట్ జట్టులో ఆడినవాడు. ఫ్లోర్ మీద వెనక్కి మూడు మొగ్గలు పోటీలో వేసి చూపిన మొదటి జిమ్నాస్ట్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రెండు బంగారాలు, రెండు వెండి పతకాలు గెలిచాడు. యెవ్‌గెనీ మార్చెంకో లాత్వియా నుంచి వచ్చిన అక్రోబాటిక్స్ ప్రపంచ ఛాంపియన్. వలేరీ భార్య అన్నా కోచ్నెవా కూడా తక్కువదేం కాదు, 1987లో రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో ప్రపంచ ఛాంపియన్. ఏ జెండా కింద ఆడారో ఆ దేశం 1991 డిసెంబరులో పటం మీద లేకుండా పోయింది. మరుసటి ఏడాది రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని ల్యూకిన్ దంపతులు అమెరికా చేరారు. మొదట న్యూ ఆర్లీన్స్, ఆ తర్వాత టెక్సాస్.

ఇక్కడి తెలుగువాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. మన సూట్‌కేసుల్లో ఆవకాయ సీసాను కస్టమ్స్‌వాళ్లు తిప్పి తిప్పి చూస్తారు. ఒంట్లో దాచుకుని తెచ్చిన విద్యకు మాత్రం తనిఖీ లేదు. ప్లానో ఇళ్ల గరాజుల్లో శనివారం పొద్దున్నే గజ్జెల చప్పుడు వినపడుతుంది. కూచిపూడి నేర్పే అమ్మలు తరంగం దగ్గరకొచ్చేసరికి పిల్లల్ని ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబెడతారు. అదే పూట నాలుగు వీధుల అవతల వోగాలో ఇంకో పిల్లని బీమ్ మీద నిలబెడతారు. బీమ్ పొడవు 5 మీటర్లు, నేల నుంచి ఎత్తు 1.25 మీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు. పళ్లెం అంచు అంతకంటే సన్నం అని మా పక్కింటి కూచిపూడి టీచరుగారు పందెం కాస్తారు. నిజమే కాని, పళ్లెం మీద ఎవరూ వెనక్కి మొగ్గ వేయరు కదండీ!

ముందుగా చెప్పుకోవలసింది కార్లీ ప్యాటర్సన్ గురించి. లూసియానాలోని బేటన్ రూజ్‌లో పుట్టిన పిల్ల, మార్చెంకో చేతిలో తయారైంది. 2003లో అనహైమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆల్‌అరౌండ్‌లో, అంటే నాలుగు పరికరాలూ కలిపి ఇచ్చే పతకాల్లో, రెండో స్థానం తెచ్చుకుంది. మొదటి స్థానం రష్యా రాణి స్వెత్లానా ఖోర్కినాది. మరుసటి ఏడు, 2004 ఆగస్టు 19న, ఏథెన్స్‌లో మళ్లీ వాళ్లిద్దరే ఎదురుపడ్డారు. కార్లీకి మొదట వాల్ట్, అంటే పరిగెత్తి వచ్చి బల్ల మీదుగా ఎగిరే అంశం, వచ్చింది. 9.375 మాత్రమే పడింది. పదికి లెక్కకట్టే ఆ రోజుల్లో అది ఛాంపియన్‌కు తగ్గ మార్కు కాదు. బార్స్ మీద, అంటే జంట కమ్మీల మీద, 9.575. ఆ తర్వాత తనకు చేతికొచ్చిన బీమ్ ఎక్కింది. 9.725. ఆ దిగడం చూడాలి! బీమ్ చివరి నుంచి సగం తిరిగి, ముందుకు రెండు మొగ్గలు వేసి దిగేది. ఆ విద్యకు నిబంధనల పుస్తకంలో ఇప్పటికీ 'ప్యాటర్సన్' అనే పేరు. చివరగా ఫ్లోర్ మీద 9.712. మొత్తం 38.387. ఖోర్కినాకు 38.211.

అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1984లో, లాస్ ఏంజెలెస్‌లో అమెరికాకే చెందిన మేరీ లూ రెట్టన్ ఇదే పతకం గెలిచింది. ఆ ఏడు సోవియట్లు ఒలింపిక్స్‌ను బహిష్కరించారు. అందరూ బరిలో ఉండగా గెలిచిన మొదటి అమెరికన్ అమ్మాయి కార్లీయే. సోవియట్ పద్ధతిలో నేర్చిన గురువు, అమెరికా శిష్యురాలు, ఓడింది రష్యా రాణి. సినిమాలో పెడితే "మరీ అతికారు" అని నవ్వుతాం. ఏథెన్స్‌లో అమెరికా జట్టుతో వెండి గెలిచిన వాళ్లలో మోహినీ భరద్వాజ్ కూడా ఉంది. తండ్రి భారతీయుడు. ఆ అమ్మాయి ఆ ఒలింపిక్స్‌కు తయారైంది వోగాలో కాదు, కాలిఫోర్నియాలో. అయినా ఆ జట్టులో కార్లీ పక్కన మన ఇంటిపేరొకటి కనపడిందని చెప్పుకోకుండా ఉండలేను.

కార్లీకి అప్పుడు పదహారేళ్లు. ఆ తర్వాత మళ్లీ అంతర్జాతీయ పోటీలో దిగలేదు. వెన్నెముక డిస్కులు అరిగి, ఉబ్బి ఉన్నాయని తేలింది. ఆటకు సెలవు చెప్పి పాటలు పాడుకుంది. ఈ విద్యలో బంగారం వచ్చే వయసు, వెన్ను అరిగే వయసు ఒకటే కావడం నాకు మింగుడుపడని సంగతి.

ఇక నాస్త్యా ల్యూకిన్. చంకలో వచ్చిన ఆ రెండేళ్ల పాప. కూతుర్ని జిమ్నాస్ట్ చేయాలని తల్లిదండ్రులకు లేదు. ఈ బతుకులోని బరువేమిటో వాళ్లకు తెలుసు. కాని పిల్లను చూసుకోవడానికి మనిషిని పెట్టుకునే స్తోమత అప్పట్లో లేదు. వెంట జిమ్‌కు తెచ్చుకునేవారు. చూసి చూసి తనే కమ్మీలకు వేలాడటం మొదలుపెట్టింది. వడ్రంగి కొట్లో పెరిగిన పిల్లాడి చేతికి ఉలి దొరక్క మానుతుందా?

తండ్రి దగ్గరే నేర్చుకుంది. 2005లో బార్స్ మీద, బీమ్ మీద ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ పొడుగు కాళ్లు, వేలి కొసల దాకా సాగిన గీత, ఎక్కడా తొందర లేని కదలిక. గడ ఎక్కిన వాళ్లలో సత్తువ చూస్తాం, నాట్యం చేసేవాళ్లలో అందం చూస్తాం. నాస్త్యాలో రెండూ ఒకే చోట కనపడ్డాయి. తల్లి రిథమిక్ జిమ్నాస్ట్ అని చెప్పకపోయినా ఆ చేతులు చెప్పేవి.

2008 ఆగస్టులో ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు. బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆల్‌అరౌండ్ ఫైనల్. అక్కడ శుక్రవారం పగలు, ఇక్కడ గురువారం రాత్రి. తెల్లారితే వరలక్ష్మీ వ్రతం. అత్తయ్యగారు బూరెలకు బియ్యం, మినప్పప్పు నానబోసి, కలశం చెంబు తోమి బోర్లించి, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ టీవీ ముందుకొచ్చారు. "ఈ పిల్ల మన బడిదేనా?" అని అడిగారు. మన బడి! అప్పటికి ఆవిడకు అది మన బడి అయిపోయింది. వాల్ట్ 15.025, బార్స్ 16.650, బీమ్ 16.125. అప్పటికి పది మార్కుల లెక్క పోయి, కష్టానికి ఒకటి, తీరుకు ఒకటి వేసి కలిపే కొత్త లెక్క వచ్చింది. ఈ అంకెలేమిటో ఆవిడకు అర్థం కాలేదు, నాకూ అంతంతమాత్రమే. ఆఖరి ఫ్లోర్ మీద 15.525 పడి, మొత్తం 63.325 అని తేలి, తండ్రి కూతుర్ని కావలించుకున్నప్పుడు మాత్రం అందరికీ అర్థమైంది. రెండో స్థానం సాటి అమెరికన్ షాన్ జాన్సన్‌ది, 62.725. ఇరవై ఏళ్ల కిందట సియోల్‌లో ఇదే ఆల్‌అరౌండ్ బంగారాన్ని వలేరీ పాయింటులో పదో వంతు తేడాతో పోగొట్టుకున్నాడు. "తండ్రి బాకీ కూతురు తీర్చింది" అన్నారు అత్తయ్యగారు. మర్నాడు వ్రతంలో ఆ పిల్ల పేరు మీద కూడా ఒక తోరం పక్కన పెట్టారు. ఎవరికి కట్టారో గుర్తులేదు.

వరుసగా రెండు ఒలింపిక్స్‌లో ఆల్‌అరౌండ్ రాణులు ఒకే బడి నుంచి, ఒకే ఊరి నుంచి! ఒకరు పాత పది మార్కుల లెక్కలో, ఇంకొకరు కొత్త లెక్కలో. తూకం రాళ్లు మార్చినా సరుకు తగ్గలేదు.

ఇక్కడ నాకు ఎప్పటినుంచో ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. వోగాకూ కమ్మీల మీది సరిసమానపు మార్కులకూ ఏదో ఋణానుబంధం ఉంది. సియోల్‌లో హారిజాంటల్ బార్ మీద వలేరీ బంగారం ఒక్కడిది కాదు, వ్లదీమిర్ ఆర్త్యోమొవ్‌తో సమానంగా పంచుకున్నది. 2003లో అనహైమ్‌లో వోగా పిల్ల హాలీ వైజ్ అన్‌ఈవెన్ బార్స్ బంగారాన్ని చెల్సీ మెమెల్‌తో పంచుకుంది. 2008లో నాస్త్యాకూ చైనా అమ్మాయి హె కెషిన్‌కూ బార్స్ మీద చెరో 16.725 వచ్చాయి. కష్టానికి ఇచ్చే మార్కు కూడా ఇద్దరికీ 7.7. ఈసారి మాత్రం పంచుకోనివ్వలేదు. న్యాయనిర్ణేతల కోతలను ఇంకా తవ్వి, చివరికి బంగారం కెషిన్‌కు, వెండి నాస్త్యాకు ఇచ్చారు. 2015లో గ్లాస్గోలో వోగా పిల్ల మ్యాడిసన్ కోషియన్ బార్స్ మీద 15.366 తెచ్చుకుంది. ఇంకో ముగ్గురు కూడా సరిగ్గా అంతే. నలుగురికీ నాలుగు బంగారు పతకాలు! ప్రపంచ పోటీల్లో అప్పటికీ పంచేవారట, ఒలింపిక్స్‌లో మాత్రం పంచడం మానేశారట. నాస్త్యా మెళ్లో కూడా ఇంకో బంగారం ఉండాల్సిందని ప్లానోలో ఎవర్ని అడిగినా చెబుతారు. నా తీర్పూ అదే.

మ్యాడిసన్ డాలస్‌లోనే పుట్టిన పిల్ల. ఆమెకు నేర్పింది ఫ్రాన్స్ నుంచి వచ్చిన లారెంట్ లాండీ, సెసిల్ లాండీ దంపతులు. తర్వాత అమెరికా మేటి జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు నేర్పింది కూడా వీళ్లే. 2016 మొదట్లో మ్యాడిసన్ కాలి ఎముక విరిగింది. రియో ఇంకో ఆరు నెలల్లో ఉంది. కాలు బాగయ్యేదాకా చేతులు ఊరుకోలేదు. రియోలో జట్టు ఫైనల్లో ఒక్క బార్స్ మీదే దిగి 15.933 తెచ్చింది. అమెరికా జట్టు 8.209 పాయింట్ల తేడాతో బంగారం గెలిచింది. విడిగా బార్స్ మీద వెండి. ఆ తర్వాత యు.సి.ఎల్.ఎ.లో చదువుకుంటూ కాలేజీ జట్టుతో 2018లో జాతీయ టైటిల్ కూడా గెలిచింది.

పతకాల కంటే ఒక మెట్టు పైన నిలబెట్టవలసిన పని కూడా మ్యాడిసన్ చేసింది. అమెరికా జట్టు డాక్టరుగా ఏళ్ల తరబడి పనిచేసిన లారీ నాసర్ వందల మంది అమ్మాయిల మీద చేసిన ఘాతుకాలు బయటపడి, 2018లో అతనికి జైలు శిక్ష పడింది. తానూ ఆ బాధితుల్లో ఒకదాన్నని ఆ ఏడాదే మ్యాడిసన్ టీవీలో కూర్చుని, సాటి జిమ్నాస్ట్ కైలా రాస్‌తో కలిసి చెప్పింది. పండగ పూట ఈ మాట ఎందుకంటారేమో. ఈ ఆటలో గెలిచిన పిల్లల్ని పొగిడి, వాళ్లు నోరు విప్పినప్పుడు తల తిప్పుకుంటే ఆ పొగడ్తకు విలువేముంది? అద్దాల గోడకు ఇవతల కూర్చునే మా వంటి తల్లులకు ఆ అద్దం ఎందుకో ఆ ఏడాదే బాగా తెలిసొచ్చింది.

కేట్లిన్ ఒహాషీ కూడా కొన్నేళ్లు ఇక్కడి పిల్లే. 2013 అమెరికన్ కప్‌లో సిమోన్ బైల్స్‌ను రెండో స్థానానికి నెట్టింది. ఆ మాట ఈనాడు చెబితే నమ్మరు. ఆ వెంటనే దెబ్బలు. పెద్ద పోటీలు వదిలేసింది. ఆ రోజుల్లో ఒంటి నొప్పులతో, ఒంటి గురించి పడిన మాటలతో కుమిలిపోయానని తర్వాత తానే బయటికి చెప్పుకుంది. 2019 జనవరిలో యు.సి.ఎల్.ఎ. తరఫున ఫ్లోర్ మీద నవ్వుతూ, తుళ్లుతూ చేసి పదికి పది కొట్టింది. ఆ వీడియో మీ ఫోనుకు కూడా ఎవరో ఒకరు పంపే ఉంటారు. రెబెకా బ్రాస్ 2009లో, 2010లో ప్రపంచ ఆల్‌అరౌండ్ పతకాలు తెచ్చి, 2011లో వాల్ట్ దిగుతూ మోకాలిచిప్ప జారి కూలబడింది. ఆ పేరు మర్చిపోతే ఈ అభినందన సగమే.

నాస్త్యా కూడా పడింది. 2012లో, శాన్ హోసేలో, ఒలింపిక్ ఎంపిక పోటీల్లో బార్స్ మీద పట్టు జారి బోర్లా నేల మీద పడింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటే లేచి, చేతులకు తెల్ల పొడి రాసుకుని, మళ్లీ కమ్మీ ఎక్కి మిగిలిందంతా పూర్తి చేసింది. ఎంపిక కాదని తెలుసు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బీజింగ్ ఫోటో అందరి దగ్గరా ఉంటుంది. నా మటుకు నాకు ఆమె బొమ్మ అంటే శాన్ హోసేలో లేచి నిలబడ్డ బొమ్మే.

ముప్పయ్యో ఏట బడికి ఇంతకంటే మంచి కానుక ఎవరూ ఇవ్వలేరు అన్నట్టు, 2024 వేసవిలో హెజ్లీ రివేరా ప్యారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. న్యూజెర్సీ పిల్ల. వోగాలో నేర్చుకోవడానికే 2021లో టెక్సాస్ వచ్చింది. సిమోన్ బైల్స్, సునీ లీ, జేడ్ కేరీ, జోర్డాన్ చైల్స్ ఉన్న జట్టులో అందరికంటే చిన్నది, పదహారేళ్లది. అర్హత పోటీలో దిగింది, ఫైనల్లో దిగే అవసరం రాలేదు, జట్టు బంగారం మెళ్లో వేసుకుని వచ్చింది. బైల్స్ వెనక నిలబడ్డ గురువులు ఒకప్పుడు వోగాలో మ్యాడిసన్‌కు నేర్పిన లాండీలే. ఒక్క జట్టులో రెండు వైపుల నుంచి ఈ బడి గాలి తగిలింది.

మన వైపు సంగతీ ఒక్క ముక్క చెప్పుకోవాలి. 2016 రియోలో అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్ వాల్ట్ మీద 0.150 తేడాతో కంచు పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. 2018లో మెల్బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ మీద కంచు తెచ్చింది మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి. ప్రపంచ కప్‌లో భారతదేశానికి వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి జిమ్నాస్ట్ ఆమె. నేర్చుకుంది లాల్ బహదూర్ స్టేడియంలో. నేనీ మాట ఇక్కడి తెలుగు తల్లుల దగ్గర అన్నప్పుడల్లా "అవునా, మనకూ ఉన్నారా?" అంటారు. కార్లీ, నాస్త్యాల పేర్లు మాత్రం అందరికీ నోటికొచ్చు.

మా అమ్మాయి పన్నెండేళ్లకు వోగా మానేసింది. పతకం రాలేదు, రావాలని అనుకోలేదు కూడా. ఇప్పటికీ సెలవులకు వస్తే పెరట్లో గడ్డి మీద నాలుగు కార్ట్‌వీల్స్ వేసి గాని లోపలికి రాదు. అత్తయ్యగారు వీడియో కాల్‌లో చూసి, "మెల్లిగా, మెల్లిగా" అంటూనే "ఇంకోటి వెయ్యి" అంటారు. దొమ్మరి పిల్ల అనే మాట ఆవిడ నోట మళ్లీ వినలేదు.

వలేరీ ల్యూకిన్‌కూ, యెవ్‌గెనీ మార్చెంకోకూ, అన్నా కోచ్నెవాకూ, అద్దం అవతల రోజూ బీమ్ మీద నుంచి పడి లేస్తున్న పేరు తెలియని పిల్లలందరికీ ప్లానో తెలుగువాళ్ల తరఫున ముప్పై ఏళ్ల పండగ అభినందనలు. ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఈసారి వోగా క్లాసిక్ పోటీలు జరిగినప్పుడు తప్పకుండా వెళ్లి చూడండి. అమ్మమ్మలూ నాన్నమ్మలూ వచ్చి ఉంటే వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి.